చదవకుండా అప్పజెప్పిన పాఠం

ఇన్నేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చిన్నదే. అందుకే ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మీకు చెబుతాను.

నలభై దాటాక కోయిలకుంట్లలో సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. పక్కింటి ఓబులమ్మ నాతోపాటే వచ్చేది. ఫోన్లలో తెలుగు అప్పుడప్పుడే కనిపిస్తున్న రోజులు. మా పాఠాలను ఫోన్లో పెట్టడానికి కడప నుంచి పర్వీన్ అనే అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్న బండల మీద పేర్లు చెక్కుతాడు. ఈమె కంప్యూటర్లో అక్షరాలు గీస్తుంది. అచ్చు పుస్తకంలోలాగా కొన్ని గీతలు మందం, కొన్ని సన్నం, కొసదేరిన తలకట్లు. అగ్గిపెట్టెంత తెర మీద అవి కళ్లకు హాయిగా ఉన్నాయో లేదో కొత్తగా చదివేవాళ్లే చెప్పాలట.

టీచరమ్మ నన్ను ముందుకు తోసింది. బడిలో నేనే మొదటిదాన్ని.

తెర మీద ఉన్నది మా వాచకంలోని పాఠమే. రోజూ అందరం గొంతు కలిపి వల్లించేది. సన్నగీతలు కరిగిపోయి, తలకట్లు ఒకదానికొకటి అంటుకుని, నాకు చీమల బారు కనిపించింది. అయినా గడగడా అప్పజెప్పాను. చదువుతున్నట్టు వేలు కూడా కదిపాను.

"తలకట్లు విడివిడిగా కనపడతాండాయా పెద్దమ్మా? తడబడితే చెప్పు. తప్పు నీది కాదు, నా అక్షరానిది," అంది పర్వీన్.

"శానా బాగుండాయి పాపా."

"మా అక్కవి గద్ద కండ్లు!" అని వెనక నుంచి ఓబులమ్మ నవ్వింది.

నా తర్వాత ఇంకొందరు కూడా నాలాగే అప్పజెప్పారేమో, నాకు తెలియదు. పర్వీన్ సంబరంగా అవే అక్షరాలు ఖాయం చేసింది.

ఆ అక్షరాలతోనే ఫోన్లలో కొత్త పాఠాలు వచ్చాయి. ఎవరికీ కంఠతా రాని పాఠాలు. ఓబులమ్మ తెరను కంటికి దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూసింది.

"నువ్వు చదివిన అక్షరాలే గదక్కా ఇవి? నాకు ఒక్కటీ తెలీడంల్యా. నాకీ సదువు అచ్చిరాదులే," అంది.

అప్పుడైనా చెప్పొచ్చు. నోరెందుకు రాలేదు? అంతమంది మెచ్చుకున్నాక మళ్లీ వేలిముద్రదాన్ని అవుతానన్న భయమా? లేక, ఆమెకు రానిది నాకు వచ్చని నలుగురూ అనుకోవడం లోలోపల తియ్యగా ఉండిందా? మరునాటి నుంచి ఆమె బడికి రాలేదు.

ఇప్పటికీ బస్టాండులో "ఇది యాడికి పోతాదక్కా?" అని నన్నే అడుగుతుంది. బోర్డు మీద జానెడు అక్షరాలు. ఒకప్పుడు కూడబలుక్కుని తనే చదివేది. ఇప్పుడు తలెత్తి చూడదు. నేను చదివి చెబితే నవ్వుతుంది. ఆ నవ్వుకే నా తల వంగిపోతుంది.

'తప్పు నీది కాదు' అని పర్వీన్ ఆ రోజు అన్న మాట ఓబులమ్మకు చెందాల్సింది. నా దగ్గరే ఆపుకున్నాను. ఆమెకు ఇంకా చెప్పలేదు. చెప్పగలనో లేదో తెలియదు.

ఆ తెర మీద నేను ఒక్క అక్షరం కూడా చదవలేదు. ఇదిగో, రాసేశాను.