ముక్కుకు చెరకురసం గుడ్డ

ఈ రోజు నా ముక్కును కాపాడబోయి మా బావ నా ముఖాన్ని ఈగలకు అప్పగించాడు.

అనకాపల్లిలో నాది ఎడ్లబండ్లు చేసే కొట్టు. ఎండిన తుమ్మ దుంగ కోస్తే రంపపు పొట్టు అంతా నా ముక్కులోకే వస్తుంది. యుద్ధమని సిపాయిలకు విషవాయువు ముక్కులోకి పోకుండా రబ్బరు ముసుగులిచ్చారట. మాకు తువ్వాలే గతి. పలచటిదైతే పొట్టు ఆగదు, మందపాటిదైతే ఊపిరాడదు. పొద్దున్న తుమ్మీ తుమ్మీ గీత తప్పి, చక్రానికని దాచుకున్న చెక్క పాడుచేశాను.

అది చూసి, బెల్లం వండే మా బావ ఇంటికెళ్లి చెరకురసం వడకట్టే గుడ్డ తెచ్చాడు.

"సెరుకు నలకనే ఆపీసే గుడ్డ బావా! నీ పొట్టో లెక్కా?"

"ఉతికేవా?"

"జాడించేను. ఇంకేటి నీ అనుమానం?"

కట్టేశాడు. ఊరంతా బెల్లం వాసనే కాబట్టి గుడ్డ వాసన మా ఇద్దరికీ తెలియలేదు. ఈగలకు తెలిసింది. బజారులో బెల్లం దిమ్మలు వదిలేసి మరీ వచ్చాయి. వాటి వెనకే ఒక కందిరీగ వచ్చి నా మూతి మీద కూర్చుంది. రంపం పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడిపోయాను.

అది ఎగిరిపోయాక బావ నవ్వకుండా అడిగాడు: "పొట్టేటైనా లోపలికెల్లిందేటి?"

ఎలా వెళ్తుంది? నేను ఊపిరి పీలిస్తే కదా!

మీ కొట్లలో ముక్కుకు ఏం కట్టుకుంటారో కాస్త చెప్పండి. తీపిది మాత్రం వద్దు.