పెదవి తట్టే పంతులమ్మ

సూరత్ దగ్గర పల్సానాలో, మా మగ్గాల షెడ్డు పక్కగదిలో పిల్లలకు తెలుగు నేర్పడానికి ఒక పంతులమ్మ వచ్చేది. మగ్గాల మోతలో ఆమె గొంతు పిల్లలకు వినిపించేది కాదు. షెడ్డులో మేమైతే పెదాలు చూసే మాట్లాడుకుంటాం. అది గమనించినప్పటి నుంచి ఆమె వేలితో పెదవిని తట్టి, మాటను మెల్లగా పలికి, అదే మాటను బోర్డు మీద చూపించేది.

ఒకరోజు నా బిడ్డను పిలవడానికి వెళ్లాను.

"లోపలికి రా అన్నా."

"నాకు సదువు రాదమ్మా."

ఆమె పెదవి తట్టి ఏదో అంది. మోతలో వినపడకపోయినా, పెదాలు చూసి "నీళ్లు" అన్నాను.

ఆమె బోర్డు చూపించింది. "గదే గీడ రాసిన. జర కూసో."

కూర్చున్నాను.

ఇప్పుడు ఊరి నుంచి ఫోన్‌లో పెళ్లిపత్రిక వస్తే మా వాళ్లందరికీ నేనే చదివి వినిపిస్తాను. కష్టమైన మాట తగిలినప్పుడు నా వేలు ముందు పెదవి మీదికే పోతుంది.