పేరు పక్కన చిన్న ఎక్స్‌రే

అక్క పోయిందని మంగళవారం పొద్దున్నే కోవిల్పట్టి నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. విరుదునగర్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్ గదిలో నాకు పని నేర్పింది ఈ అక్కే. సొంత అక్క కాదు. అందరితో అరవం మాట్లాడే ఆ ఆసుపత్రిలో, గది తలుపు మూస్తే మా ఇద్దరికీ తెలుగు.

అక్కవాళ్ళది అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే కుటుంబం. రోజూ ఇద్దరం ఒకే రైల్లో వెళ్ళేవాళ్ళం. నా టిఫిన్ డబ్బా మూత తీయకుండా చేత్తో ఎత్తి చూసి, ఇవాళ పెరుగన్నమని చెప్పేసేది. ఎప్పుడూ తప్పేది కాదు, నాకు ఒళ్ళు మండేది.

రోగుల వివరాలుండే డేటాబేస్ దగ్గరా అదే పద్ధతి. ఎక్స్‌రే ఫిల్ములన్నీ అందులోనే ఉండేవి. పేర్ల లిస్టు కావాలని కంప్యూటర్‌ను అడగడానికి నేను రాసిన క్వెరీ పేరుపేరుకీ ఫిల్మును కూడా మోసుకొచ్చేది. కౌంటర్లో స్క్రీన్లు బిగుసుకుపోయేవి. వెంబకోట్టై బాణసంచా పనివాళ్ళు దగ్గుతూ వరసలో నిలబడి ఉండేవారు.

"పాపా, మూట విప్పకు. పేరు పట్టుకుని ఎత్తు, బరువెంతో మట్టుకు సూడు. డాక్టరు అడిగినప్పుడు ఆ ఒక్క పటము ఇయ్యి" అనేది. ఫిల్ములు డేటాబేస్‌లోనే వేరే టేబుల్లో, అంటే వేరే పట్టికలో పెట్టమనేది.

నాకేమో తొందర. ఆమెకు చెప్పకుండా ఫిల్ములన్నిటినీ గోరంత చేసి, అసలువాటిని చెరిపి వాటి చోటే పెట్టేశాను. లిస్టు పరుగెత్తింది. మురిసిపోయాను. మర్నాడు డాక్టరు తెరిచి చూస్తే ఊపిరితిత్తుల్లో మచ్చలన్నీ మాయం.

అక్క తిట్టలేదు. పాత ఫిల్ములన్నీ ముందు రాత్రి తీసిపెట్టిన కాపీలోంచి తెచ్చి పెట్టింది. నేను పాడుచేసిన రోజు తీసినవి మాత్రం కాపీలో లేవు, ఇంకెక్కడా లేవు. ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసి, తప్పు మాదేనని చెప్పి, మళ్ళీ తీయించింది. సిబ్బంది పరీక్షకని అక్క కూడా నేను పాడుచేసిన ఆ రోజే తీయించుకుంది. గుర్తుచేస్తే, ఇంకో పొద్దు సూద్దాములే అంది. ఆ తర్వాత తీయించుకోనే లేదు.

ఆమె చెప్పినట్టే ఫిల్ములను వేరే టేబుల్లో పెట్టాను. ఈ రోజు నేను తినే అన్నం ఆమె నేర్పిన పనిదే.

నాలుగేళ్ళకు అక్కకు దగ్గు పట్టుకుంది. మధురై డాక్టరు మచ్చ చూసి, పాత ఫిల్ము ఉంటే ఇది ఎప్పటిదో తెలిసిపోయేది అన్నాడు. లేదు గనక మూడు నెలలు ఆగి మళ్ళీ తీద్దామన్నాడు. మూడు నెలల్లో మచ్చ పెరిగింది. మంచం పక్కన కూర్చుని, ఏడుస్తూ నేనే ఆ సంగతి ఎత్తాను.

"తెలుసును పాపా. మా అమ్మకు మట్టుకు సెప్పొద్దు. ఆమె నిన్ను తిడితే నేను తాళలేను."

చెప్పలేదు. నిన్న వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, తిని పొమ్మని విస్తరి ముందు కూర్చోబెట్టింది.

ఆసుపత్రి లిస్టులో అక్క పేరు పక్కన ఆ గోరంత ఎక్స్‌రే ఇప్పటికీ ఉంది. పెద్దది చేస్తే గళ్ళు తప్ప ఏమీ కనిపించవు. అందుకే చిన్నగానే ఉంచి చూస్తాను. భుజాలు కాస్త ముందుకు వంచి, వదలమని చెప్పేదాకా ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.