కుట్టు మీద పదో పేరు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మన తెలుగు సంఘం సంచికకు ఎవరో ఒకరు రాస్తారు, నాకంటే చదువుకున్నవాళ్లు ఈ ఒమాన్ దేశపు నిజ్వా ఊళ్లో చాలామంది ఉన్నారు, నేను నాలుగు మంచిమాటలు చెప్పి పక్కకు తప్పుకోవచ్చు అనుకున్నాను. తప్పుకోవడం నాకు కొత్త కాదు. కానీ ఈ ఒక్క సంగతి నేను రాయకపోతే రాసేవాళ్లు ఇంకొకరు లేరు. తెలిసినవాళ్లం ఇద్దరమే. అందులో ఒకరు పోయారు.

టీచరమ్మ పోయిన కబురు గురువారం మధ్యాహ్నం గ్రూపులో వచ్చింది. ఆ సమయానికి నేను దుకాణంలో ఒక దిష్‌డాషాకు, అదే ఇక్కడి మగవాళ్లు తొడుక్కునే పొడుగాటి తెల్ల అంగీకి, మెడపట్టీ వేస్తున్నాను. "రాజమండ్రిలో, ఈ ఉదయం" అని ఉంది. కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టి, పట్టీని తిరగేసి కుట్టాను. విప్పి మళ్లీ కుట్టాను. మళ్లీ తిరగబడింది. ఆ పూటకు మిషను ఆపేశాను.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. మాది కడప. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. బడికి పోయింది లేదు. పదేళ్లప్పుడే ఒక దర్జీ ఉస్తాదు దగ్గర గుండీలు కుట్టడానికి కూర్చున్నాను. అక్కడ బట్టలు చుట్టి ఇచ్చేది తెలుగు పేపర్లలో. ఆ కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని తెలుగు నేర్చుకున్నాను. పొట్లానికి సరిపడా చింపిన కాగితం కదా, ఏ కథకూ మొదలుండేది కాదు, చివరుండేది కాదు. ఈరోజుకీ నాకు కథల మధ్యలే బాగా తెలుసు. ఇలా నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు మహా ఇష్టం. పైగా దర్జీని అందరూ మాస్టర్ అంటారు. పాఠం చెప్పకుండా మాస్టర్ అనిపించుకునే వృత్తి మాదొక్కటే. వినగా వినగా నిజంగానే మాస్టర్‌ని అనుకునే జబ్బు పట్టుకుంటుంది. నాకు పట్టుకుంది.

టీచరమ్మది గోదావరి వైపు. ఇక్కడి ఇండియన్ స్కూల్లో సైన్సు చెప్పేవారు, భర్త ఆసుపత్రిలో పని. శుక్రవారం పొద్దున మన పిల్లలకు తెలుగు చెబుతానని ఆమే ముందుకొచ్చారు. కార్పెట్ల దుకాణం పైన ఖాళీ గది దొరికింది. తొమ్మిదికి మొదలుపెడితే నేను జుమ్మా నమాజుకు వెళ్లే వేళకు ముగిసేది. ఎవరో ఒక పాత ప్రొజెక్టరు ఇచ్చారు కానీ గోడ ఆకుపచ్చ రంగు, దాని మీద ఏదీ కనపడదు. ఆమె నా దుకాణానికి వచ్చి, "మాస్టారూ, తెల్ల గుడ్డ ఏదైనా మిగిలితే ఇస్తారా అండీ" అని అడిగారు. దిష్‌డాషా గుడ్డ రెండు ముక్కలు అడ్డంగా కలిపి కుట్టి తెర చేసి తీసుకెళ్లాను. కుట్టు కింద వైపు పడింది. తెర కట్టాక వెళ్లిపోవాల్సినవాణ్ని, వెనక కుర్చీలో కూర్చున్నాను.

ఆ రోజు చూశాను ఆమె పాఠం. ఊరికే దొరికే ఆటలేవో ఉన్నాయట ఇంటర్నెట్లో, వాటిని పాఠాలకు వాడుకునేవారు. ఒకరోజు పిల్లల పేర్లతో రంగులరాట్నం లాంటి చక్రం తిప్పేవారు, ఎవరి దగ్గర ఆగితే వాళ్లు చదవాలి. ఇంకోరోజు అందరి ఫోన్లలోంచి బొమ్మలు తెర మీదకు చేరే గోడ ఒకటి. ఇంట్లో ఒక వస్తువును ఫోటో తీసి తెలుగు పేరు రాయమన్నారు. ఒక పిల్లవాడు పక్కింటి ఒమానీల పొడుగు ముక్కు కాఫీ పాత్రను తీసి, "కాఫీ కొంగ" అని రాశాడు. మేమంతా నవ్వాం. టీచరమ్మ మాత్రం, "నిన్నటిదాకా దీనికి తెలుగులో పేరు లేదు. ఇవాళ్టి నుంచి ఉంది" అన్నారు. "ఉచితంగా వచ్చింది ఊరికే పోకూడదు" అనేది ఆమె మాట.

పిల్లలకు ప్రాణం మాత్రం ప్రశ్నల ఆట. తెర మీద ఒక అంకె పడుతుంది. ఫోన్లో ఆ అంకె కొట్టి, ఏదో ఒక మారుపేరు పెట్టుకుని లోపలికి వెళ్లాలి. పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి తెర మీద పడతాయి, పులి, బిర్యానీ, సునామీ, ఇలా. అసలు పేర్లు పెట్టుకోనిచ్చేవారు కాదు. "నాకు తప్పు కావాలి నాన్నా, తప్పు చేసినవాళ్ల పేరు కాదు" అనేవారు.

నా చేతిలోనూ ఫోనుంది. వెనక కూర్చున్నవాణ్ని ఎవరు చూస్తారులే అని అంకె కొట్టాను. పేరు అడిగింది. తోచక "కత్తెర" అని పెట్టాను. దొంగతనానికి పోయేవాడు తన దుకాణం బోర్డు మెడలో వేసుకుని పోయినట్టు. ఆ గదిలో కత్తెర పట్టేది నేనొక్కణ్నే అన్న సంగతి అప్పుడు తట్టలేదు.

మొదటి ప్రశ్న: ముఖం మీద ఉండేవి ఏవి? కళ్లు, కల్లు. మా ఇంటి ఉర్దూలో ళ లేదు. కాగితం ముక్కల మీద చూసి నేర్చుకున్నవాణ్ని, పలికితే రెండూ నా నోట్లో ఒక్కటే. కల్లు నొక్కాను. జీవితంలో చుక్క ముట్టనివాణ్ని. తెర మీద లెక్క పడింది, తొమ్మిది మంది కళ్లు, ఒకరు కల్లు. పిల్లలు విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. టీచరమ్మ నవ్వుతూనే, "కల్లు తాగితే కళ్లు తిరుగుతాయి. అలా గుర్తుపెట్టుకోండి, ఇక మర్చిపోరు" అన్నారు.

మర్చిపోలేదు. ప్రతి శుక్రవారం వెళ్లాను. తెర సరిచేయడానికి అని చెప్పేవాణ్ని. ప్రతి వారం ఆటలో ఒక ళ ప్రశ్న ఉండేది. వేల, వేళ. ఇల్లు, ఇళ్లు. పిల్లల కోసమే అనుకున్నాను.

ఆ పిల్లల్లో ఒక నర్సు గారి పాప. తల్లి డ్యూటీ దిగి తీసుకొచ్చేసరికి ప్రతిసారీ కొంచెం ఆలస్యం. ఆ పాప అంకె కొట్టేసరికి చోటు లేదని వచ్చేది. ఉచితం ఆట కదా, పదిమందికే చోటు. "ఏం పర్లేదు, నువ్వు నా పక్కన కూర్చుని ప్రశ్నలు చదువు" అని టీచరమ్మ కుర్చీ జరిపేవారు. పాప చదివేది. ఒకసారి మాత్రం అడిగింది. "టీచర్, నేను నిమ్మకాయ అని పేరు పెట్టుకున్నా. అది తెర మీద ఎప్పుడు పడుతుంది?"

"పడుతుందిలే నాన్నా. ఒకళ్లకి ఇంకాస్త నేర్పాలి, అంతే."

ఎవడో మొద్దు పిల్లవాడి గురించి అంటున్నారనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఇక అసలు సంగతి. పిల్లల చేతిలో ఫోన్లేంటని కొందరు తల్లిదండ్రులకు కోపం వచ్చింది. సంఘం మీటింగు పెట్టారు. "పెద్దమనిషివి, నువ్వు చెప్పు మాస్టర్ భాయ్" అన్నారు. పెద్దమనిషి అనగానే నాకు ఒళ్లు తెలియదు. లేచాను.

"చూడండమ్మా, నేను బడి మొగం చూసినోణ్ని కాదు. పొట్లం కాగితాల్లో నేర్చుకున్నా. ఫోను ల్యా, ప్రొజెక్టరు ల్యా. ఈ ఆటేంది, ఈ రంగులేంది? సరే, అదీ పోనీ. వారం వారం ఒక పాపకు చోటు లేదంటది ఆ ఆట. నేను కండ్లారా చూస్తాండా. ఒక బిడ్డను బయట కూర్చోబెట్టేది ఏం చదువు టీచరమ్మా?"

చప్పట్లు కొట్టారు. టీచరమ్మ నా వైపు చూశారు. కోపంగా కాదు. ఏదో చెప్పబోయి మానేసిన మనిషిలా. "అవునండీ, పదిమందికే చోటు" అన్నారు. మళ్లీ తనే, "మాస్టారు చెప్పింది నిజమే. ఒక పాప బయటే ఉంటోంది" అన్నారు. ఫోన్లు వద్దని తీర్మానం అయింది.

ఆ సాయంత్రం దుకాణంలో గుండీలు వేరుచేస్తున్నాను. చేతికి పని ఉంటే బుర్ర దాని పని అది చేస్తుంది. పిల్లల్ని తలుచుకుంటూ ఒక్కొక్కరికి ఒక్కో గుండీ బల్ల మీద పెట్టాను. నర్సు గారి పాపతో కలిపి పది. మళ్లీ పెట్టాను. పదే. పదిమంది పిల్లలు, పది చోట్లు. మరి పాపకు చోటెందుకు లేదు? చేతిలో కత్తెర ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాను.

"పిల్లలు పదిమందే, పదకొండో ఆయన మీరే" అని ఆమె ఆ మీటింగులో ఒక్క మాట అంటే చాలు, తీర్మానమూ ఉండేది కాదు, నా పెద్దరికమూ ఉండేది కాదు. అనలేదు. ఆట నడిపేవాళ్లు ఒక పేరు మీద ఒక్కసారి నొక్కితే ఆ పేరు ఆటలోంచి పోతుందని తర్వాత తెలిసింది. ఏ వారమూ ఆమె కత్తెరను నొక్కలేదు.

మర్నాడే వెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె ఫోన్లు మాన్పించి నాలుగు రంగుల అట్టముక్కలు కత్తిరించి తెచ్చారు, జవాబుకు ఒక రంగు ఎత్తాలి. ఎవరు ఏ రంగు ఎత్తారో అందరికీ కనపడుతుంది. తప్పు ఎత్తినవాణ్ని పక్కవాడు వెక్కిరించాడు. ఆ వెక్కిరింపు లేకుండా చేయడానికే ఆమె ఆ ఆట తెచ్చారని అప్పుడు గానీ నాకు తెలియలేదు. పదిమంది ఏడుగురయ్యారు, ఏడుగురు నలుగురయ్యారు. నేను తెర సరిచేయడానికి వెళ్లడం మానేశాను. తెర అవసరమే లేదుగా.

వేసవి సెలవుల ముందు టీచరమ్మ నా దుకాణానికి వచ్చారు. "మీరు ఆడవాళ్లవి కుట్టరని తెలుసు మాస్టారూ. ఈ నాలుగు జాకెట్లు కొంచెం బిగించి పెట్టాలండీ." ఎంత బిగించాలో ఆమే పిన్నులు పెట్టి తెచ్చారు. రెండు వైపులా రెండేసి వేళ్ల వెడల్పు. దర్జీకి డాక్టరు చెప్పక్కర్లేదు. సెలవుల్లో అన్నీ సర్దుకుంటాయని ఆమె, అవునవునని నేను. చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. దుకాణంలో ఇంకెవరూ లేరు. నోరు తెరిచి, "ఎప్పుడు కావాల?" అన్నాను.

చీటీ రాసిచ్చాను. ఆమె దాన్ని కళ్లద్దాలు సర్దుకుని చదివారు. మంగళవారం అని ఉంది.

"ళ చక్కగా కుదిరింది మాస్టారూ" అన్నారు.

"నేనెప్పుడూ ఇట్లనే రాస్తా" అన్నాను.

"అవునండీ" అని చీటీ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లారు.

మంగళవారం జాకెట్ల కోసం భర్త వచ్చారు. ఆమె మళ్లీ రాలేదు.

ఆమె పోయాక జరిగిన సంతాప సభలో నన్నే ముందు మాట్లాడమన్నారు. ఆమె ఓర్పు గొప్పదన్నాను. ఎవరి విషయంలో ఓర్చుకున్నారో చెప్పలేదు. అందరూ తలలూపారు. ఇంటికొచ్చి ఈ కాగితం ముందేసుకున్నాను, పూర్తి చేయడానికి వారాలు పట్టింది. నర్సు గారి పాపా, టీచరమ్మ పక్కన కూర్చుని ప్రశ్నలు చదివి చదివి నువ్విప్పుడు ఎవరూ తడుముకోకుండా చదవలేని వాక్యాలు గడగడ చదువుతావు. అది నావల్ల అని నేనెప్పుడైనా గొప్పలకు పోతే నమ్మకు. నీ చోటులో కూర్చున్నది నేనే.

పోయిన శుక్రవారం తరగతి మళ్లీ మొదలైంది. ఫోన్లు తెచ్చుకోవచ్చని ఈసారి సంఘంవాళ్లే అన్నారు, మానేసిన పిల్లలూ తిరిగొచ్చారు. ఊరి నుంచి తిరిగొచ్చిన టీచరమ్మ భర్త ఆమె లాప్‌టాప్ తెచ్చి, ఆమె చేసిపెట్టిన పాత ఆటల్లో ఒకటి తెరిచారు. నేను తెర కట్టి వెనక కూర్చున్నాను. ఫోను దుకాణంలో వదిలి వచ్చాను. పేర్లు ఒకదాని కింద ఒకటి పడ్డాయి. తొమ్మిది పడ్డాక కొంచెం ఆగింది. నర్సు గారి పాప మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పి, అంకె కొట్టింది. పదో పేరు సరిగ్గా కుట్టు మీద పడింది, నిమ్మకాయ. అక్షరాలు కొంచెం వంకరగా కనపడ్డాయి.

మొదటి ప్రశ్న కళ్లు, కల్లు. తొమ్మిది మంది కళ్లు నొక్కారు. ఒకరు కల్లు నొక్కారు. ఎవరని నేను అడగలేదు.