పిన్నికి నేను మార్చి చెప్పిన ప్రేమకథ

మా చిన్నప్పుడు గురజాలలో డేరా సినిమా పడిందంటే, చూసొచ్చినవాళ్లు తెల్లారి చూడనివాళ్లకి కథంతా చెప్పాల్సిందే... మా ఇంట్లో చూడనిది పిన్ని ఒక్కతే. బాబాయి పోయి రెండేళ్లు. మొగుడు పోయిన మనిషి డేరాలో కూర్చుంటే ఊరు నోరు మూసుకోదని నాయనమ్మ పంపేది కాదు.

కథ చెప్పే పని నాది. పదేళ్లదాన్ని... పాటలతో సహా వినిపించేదాన్ని. నా గొంతుకి అరుగు మీద కుక్క లేచిపోయేది.

ఆసారి వచ్చింది రాజుల కాలం నాటి కథ. రాజకుమారి, సేనాపతి ప్రేమించుకుంటారు. చివర అతను యుద్ధంలో చచ్చిపోతాడు. నేనూ నాయనమ్మా ఒకటే ఏడుపు... బయటికొచ్చాక నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, "వాడు చచ్చిపోయాడని పిన్నికి చెప్పబాకే. పెళ్లయిందని చెప్పు" అంది.

తెల్లారి వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తూ మొదలుపెట్టా. సేనాపతిని గెలిపించా, పందిరి వేయించా, తలంబ్రాలు కూడా పోయించా...

పిన్ని నా మొహంలోకి చూసింది.

"పెళ్లి చూసొచ్చినదానివి, కళ్లెందుకే అట్టా వాచినయ్?"

దొరికిపోయా. నిజం చెప్పేశా.

నాయనమ్మ లోపల్నించి వచ్చి నన్ను కసిరింది. "ఏడుపు కథ దానికెందుకే? ప్రేమకథని ఊరంతా టముకేశారు గానీ, అదేం ప్రేమకథ? కలిసి బతికితే గదా!"

పిన్ని చేతిలో కాయలు చాటలో పడేసింది. తను అత్తగారికి ఎదురు చెప్పడం నేనెన్నడూ వినలేదు.

"నీ కొడుకుతో మూడేళ్లు కాపురం చేశా అత్తా. నన్ను చానా బాగా చూసుకున్నాడు. చివర పోయాడని అది ఏడుపు కథంటే నేనొప్పుకోను. అదీ ప్రేమకథే, నాదీ ప్రేమకథే!"

నాయనమ్మ పిన్ని పక్కనే కూర్చుని, చాట తన వైపు లాక్కుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది.

మూడో రోజు అదే సినిమాకి మా ఇద్దరి మధ్య పిన్ని కూర్చుంది. ఊరు నోరు మూసుకోలేదు. నాయనమ్మా మూసుకోలేదు, అన్నవాళ్లని అక్కడే కడిగేసింది.

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక పాతకాలం కథ సినిమా చూపించి, "ఇది రొమాన్స్ కాదు నాయనమ్మా, చివర హీరో చచ్చిపోతాడు" అంది. నాకు ఒళ్లు మండింది. "మీ తాతయ్య పోయి ఆరేళ్లు... మా కాపురాన్ని ఏ వరుసలో పెడతావే?" అన్నా.

ఇప్పుడు ఎవరి ఫోనులో వాళ్లు చూసుకుంటున్నారు, తెల్లారి కథ చెప్పేవాళ్లూ లేరు, అడిగేవాళ్లూ లేరు... మీ ఇళ్లలో ఇలాంటి ప్రేమకథలుంటే ఇక్కడ చెప్పండి, వింటాను.

చివర మాత్రం మార్చబాకండి.