పెండ్లి దూరం

మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికి తీసుకున్న మొదటి మనిషిని నేనే! మేడ్చల్ కాలేజీ నుంచి శామీర్‌పేట దాకా బస్సులో నిలబడే వచ్చాను. కూర్చుంటే నల్ల గౌను నలుగుతుందని భయం. మర్నాడు దాన్ని తిరిగి ఇచ్చేయాలి.

"స్టూడియోకు పోయి మంచిగ ఫొటో దిగిరా," అంది అమ్మ గుమ్మంలోనే.

"నేనుండంగ స్టూడియో ఎందుకే?" అన్నాడు నాయిన.

అమ్మ మూతి తిప్పి లోపలికి పోయింది. అదే ఆయనకు ఎక్కువ తగిలింది. నాయినది వ్యవసాయం. ముహూర్తాలున్న నెలల్లో పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాడు. ఆయన పాత కెమెరాలోంచి చూస్తే మధ్యలో మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పి ఆ ఇద్దరినీ ఒక్కటి చేశాకే బటన్ నొక్కాలి. అప్పుడే ఫొటో స్పష్టంగా వస్తుంది. కానీ కిందటి పెళ్లిలో అన్నీ చెడిపోయాయి. పెళ్లివాళ్లు ఆల్బమ్ తెచ్చి మా అరుగు మీద పడేశారు.

"ముందు కూసున్న పంతులు పిలక వెంట్రుక వెంట్రుక కనవడ్తాంది. ఎనకున్న పిల్లకు మొకమే లేదు. పెండ్లి పంతులుకు జేసినమా?"

అప్పట్నుంచి కెమెరా బీరువాలోనే ఉంది.

ఆ సాయంత్రం నాయిన కెమెరా తీసుకుని, గడియారాల వాళ్లు వాడే సన్న స్క్రూడ్రైవర్‌తో డాబా ఎక్కాడు. వెనకే నేనూ వెళ్లాను. దూరంగా పొలాల అవతల కరెంటు టవర్ ఉంది.

"గా టవర్ ఒక్కటే కనవడాలె. రెండు గనవడితే లోపటి స్క్రూ దిప్పాలె," అన్నాడు.

"పెండ్లికి ముందు గూడ గిట్లనే చేసినవా?"

"గిట్లనే జేసిన. టవర్ ముద్దుగ ఒక్కటైంది. మల్ల ఏం రోగమొచ్చిందో!"

అమ్మ మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నాయిన కెమెరా ఆమె వైపు తిప్పాడు.

"ఏం, నేను ఇద్దరు గనవడ్తున్ననా?"

"ఒక్కదానితోనే యాష్టకొస్తాంది, ఇద్దరెందుకే!"

నవ్వుతూనే కెమెరా నా చేతికిచ్చాడు. రింగు మీద ఎర్రగా గోళ్ల రంగు చుక్క కనిపించింది.

"గీ చుక్కేంది నాయినా?"

"పెండ్లి దూరం. మండపం ముంగట నేను నిలవడే జాగ. రింగు ఎప్పుడూ ఆడనే ఉంచుత. కెమెరా ఎత్తంగనే తయారుంటది."

నేను టవర్ వైపు చూస్తూ రింగు చివరిదాకా తిప్పాను. ఒక్కటిగా ఉన్న టవర్ చీలి రెండైంది.

"నాయినా, రెండైనయ్!"

"ఆగు! ఏం దిప్పినవ్?" నా చేతిలోంచి కెమెరా లాక్కుని తనూ చూశాడు. రింగు వెనక్కీ ముందుకీ తిప్పాడు. తర్వాత నెత్తి కొట్టుకుని పెద్దగా నవ్వాడు. "ఓరి నాయినో! టవరేమో అంత దూరముండె. రింగేమో మండపం కాడుండె. టవర్ను గుంజుకొచ్చి పెండ్లిపిల్ల పక్కన నిలవెట్టిన! గందుకే దూరం తప్పి పిల్లకు బదులు పంతులు దిగిండు!"

రింగును చివర ఉన్న దూరపు గుర్తు దగ్గరే ఉంచి, స్క్రూను కొద్దికొద్దిగా వెనక్కి తిప్పాడు. రెండు టవర్లూ మెల్లగా జరిగి ఒకదాని మీదికి ఒకటి వచ్చాయి. తర్వాత రింగు తిప్పి అమ్మను ఒక్కటి చేసి, ఆమె దగ్గర నుంచి కెమెరా దాకా టేపుతో కొలిచాడు. రింగు మీద అంకె, టేపు మీద అంకె ఒకటే అయ్యాయి.

అయినా కడిగి చూసేదాకా ఫిల్ము సంగతి ఎవరికి తెలుసు? పొద్దున్నే గోడ పక్కన నిలబెట్టి నన్ను ఫొటో తీశాడు. మేడ్చల్ వెళ్లి గౌను ఇచ్చేశాం. ఇక మళ్లీ తీసే వీలు లేదు. అక్కడి స్టూడియోలో ప్రింటు చేతికొచ్చేదాకా నాయిన టీ కూడా ముట్టలేదు.

కవరు నన్నే విప్పమన్నాడు. నా కనురెప్పల వెంట్రుకలు, గౌను కుట్లు, చేతిలోని పట్టా మీద నా పేరు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"మంచిగొచ్చినవ్ బిడ్డా," అన్నాడు. అంతే.

ఇంటికి వెళ్లే బస్సులో మాత్రం ఆయన నోరు ఆగలేదు. కండక్టర్ వచ్చి, "టికెట్ తియ్యి కాకా," అన్నాడు.

"తీస్త గని, ముందుగాల గిది సూడు. నా బిడ్డ. డిగ్రీ పాసైంది. ఫొటో నేనే తీసిన."

కండక్టర్ ఫొటోను చూసి, నన్ను చూసి, పక్క సీటు అవ్వకు ఇచ్చాడు. అక్కడి నుంచి అది ముందు సీట్లకు పోయింది. నాయిన లేచి నిలబడి అరిచాడు.

"మొకం మీద ఏలు వెట్టకున్రి అమ్మా, అంచు వట్టుకొని సూడున్రి!"