అక్క ఒడిలో ఎలుకలు

మా కాలేజీ ఎలుకల గదిని చూసుకున్న అక్క పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. ఆమె మనవరాలు ఫోన్ చేసింది. "తాతా, అవ్వ పోయింది. నాకేమన్న అయితే ఎలుకల సారుకు జెప్పుమని మస్తుసార్లు అన్నది, గందుకే చేసిన" అన్నది. ఎలుకల సారును నేనే. నా పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది. మందులిచ్చే డాక్టర్ను కాను. ఎలుకల భయం మీద పరిశోధన చేసి ఆ మాట తెచ్చుకున్నాను. అందులో సగం అక్కది. ఆ సంగతి చెప్పడానికి ఆమె పోయేదాకా ఆగినవాణ్ణి కాబట్టి ఇది చదివేవాళ్లు నా మీద గౌరవం పెంచుకోవలసిన పని లేదు.

మధ్యాహ్నానికి మా పాత ఉద్యోగుల వాట్సాప్ గుంపులో కబురు వచ్చింది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. ఒకాయన ఆ వరసలోనే తన తోటలో పూసిన గులాబీని పెట్టాడు. సాయంత్రం మా హెడ్ సారు పుణె నుంచి రాశాడు: "పాపం, మంచిది. సైన్సు తెలియదు." చావు కబురు కింద కూడా మార్కులు వేసే అలవాటు పోలేదు ఆయనకు. ఆ నాలుగు మాటలకు జవాబే ఇది.

అక్కది మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్ అవతల ఒక ఊరు. సొంత చేనూ చెల్కా లేదు. పెళ్లికి ముందూ తర్వాతా పరుల పత్తి ఏరింది. భర్త పోయాక నాందేడ్ వచ్చి మా కాలేజీలో ఊడ్చే పనికి కుదిరింది. అక్కడ ఎలుకల గది వాసనకు ఎవరూ నిలవకపోతే ఆమెను అందులో వేశారు. తెల్ల ఎలుకలు, వరసగా పంజరాలు, కింద రంపపు పొట్టు. మొదటి రోజే ముక్కు మూసుకోకుండా లోపలికి వెళ్లిన మనిషి ఆమె ఒక్కతే.

లోపలికి వెళ్లే ముందు తలుపు దగ్గర ఒకసారి దగ్గేది. ఎందుకని అడిగితే, "చెప్పకుండ పోతే ఎవలైన బెదురుతరు గద సారూ" అనేది. చలికాలంలో చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అరచేతులు వెచ్చబడ్డాకనే పంజరం తెరిచేది. చాయ్ చల్లారిపోయేది, దాన్ని తాగేది కూడా కాదు. నేను నవ్వేవాణ్ణి. అప్పటికే ఇంగ్లీషులో భయం గురించి అలమారెడు పుస్తకాలు చదివి ఉన్నాను. ఎలుకకు చల్లటి చెయ్యి నచ్చదన్న మాట ఒక్కదాంట్లోనూ చదివిన గుర్తు లేదు.

మా పరిశోధన ఇది. మెదడులో లోతున భయపు గంట మోగించే చిన్న భాగం ఉంటుంది. మనిషిలో బాదంపప్పంత, ఎలుకలో మెంతిగింజంత అనుకోండి. నుదుటి వెనక నుంచి దానికి నరాల దారులు వస్తాయి. "ఇక చాలు, ప్రమాదం లేదు" అని గంటను ఆపేవి అవే. రోజుల తరబడి ఒత్తిడిలో ఉంచితే ఆపే దారి నీరసించి, మోగించే భాగం బలుస్తుంది. అప్పుడు ఏమీ లేని చోట కూడా జంతువు భయపడుతుంది. దీన్ని మా ఎలుకల్లో చూపించాలి. ఒక గుంపును రోజూ గంటసేపు ఇరుకైన గొట్టంలో బిగించి ఉంచడం, ఇంకో గుంపును ఊరికే ఉంచడం. మూడు వారాలు అయ్యాక ఒక్కొక్కదాన్ని కూడిక గుర్తు ఆకారంలో ఉన్న చెక్క మీద వదలాలి. నడుమెత్తున ఉండే ఆ చెక్కకు రెండు చేతులు గోడలతో మూసి ఉంటాయి, రెండు చేతులు బట్టబయలు. ఎలుకకు బయలంటే భయం, ఎత్తంటే భయం. గోడల మధ్య నక్కితే భయం ఎక్కువ ఉన్నట్టు, బయటికి నడిస్తే తక్కువ ఉన్నట్టు.

గొట్టంలో పెట్టే గుంపు పని అక్కకు ఇచ్చారు. ఊరికే ఉండే గుంపును నేనొక్కణ్ణే ముట్టుకోవాలన్నాడు హెడ్ సారు. "ఆ గుంపు శుద్ధంగా ఉండాలి, ఆవిడ చెయ్యి తగలొద్దు" అన్నాడు. ఏ శుద్ధమని నేను అడగలేదు. అడిగితే ఏం చెప్తాడో నాకు తెలుసు.

రోజూ నా గుంపును తూకం వేసేవాణ్ణి. తోక పట్టి పైకెత్తి, తక్కెట్లో వేసి, మళ్లీ తోక పట్టి పంజరంలో పడేసేవాణ్ణి. అందరం అలాగే నేర్చుకున్నాం. అక్క అలా కాదు. పత్తి ఏరేటప్పుడు కొంగును నడుముకు చుట్టి సంచిలా ఒడి కడతారు కదా, అలా కట్టుకుని, గొట్టంలోంచి తీసిన ఎలుకను అందులో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. అది వణకడం ఆగాక పంజరంలో పెట్టేది. ఒకసారి నన్ను చూసి, "సారూ, తోక పట్టి గుంజకు. నిన్ను జుట్టు వట్టి లేపితె ఎట్లుంటది?" అన్నది.

"నాకు జుట్టేది అక్కా?" అన్నాను.

"అయితె చెవులు వట్టి లేపుత" అన్నది. అప్పటికి ఇద్దరం నవ్వుకున్నాం. ఇంకో రోజు, ఈ ఎలుకల్ని చివరికి ఏం చేస్తారని అడిగింది. మెదడు కోసి చూస్తామని చెప్పాను. ఒడిలోని ఎలుకను తీసి పంజరంలో పెట్టింది. తర్వాత, "సంపేది మీరే. అందాక బెదిరిచ్చుడెందుకు?" అన్నది.

పరీక్ష రోజు హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. హెడ్ సారు సూటు వేసుకున్నాడు. మొదట నా ఎలుకల్ని వదిలాం. మూడు వారాలూ ఏ కష్టమూ లేకుండా ఉండాల్సిన ఎలుకలు గోడల మధ్య మూలకు నక్కి బయటికే రాలేదు. తర్వాత అక్క ఎలుకలు. రోజూ గొట్టంలో నలిగినవి నింపాదిగా బయటి చెక్క మీదికి నడిచాయి. ఒకటి చివర కూర్చుని మీసాలు దువ్వుకుంది. వచ్చిన పెద్దాయన, "మీ ఎలుకలు మీ సిద్ధాంతం చదవలేదనుకుంటా" అన్నాడు.

హెడ్ సారు మొహం నల్లబడింది. "క్యా తమాషా హై యే? పంజరాలు తారుమారు చేశావా?" అని అక్క మీద అరిచాడు. ఆమె ఒడి విప్పకుండానే నిలబడింది. మెల్లగా, అందరికీ వినబడేట్టు, "నేనేం తారుమార్ చెయ్యలే సారూ. నా ఎలుకలు గొట్టంల కూసున్నయ్. మీ ఎలుకలు మీ చేతుల్ల ఏలాడినయ్. ఏలాడుడే పెద్ద భయం" అన్నది.

ఆ గదిలో ఆ రోజు పరిశోధన ఫలితం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఏ గుంపు నిజంగా భయపడిందో, ఎందుకో, ఎవరివల్లో రెండు ముక్కల్లో చెప్పింది. చాలా ఏళ్ల తర్వాత ఎక్కడెక్కడి ప్రయోగశాలల్లోనో తోక పట్టి ఎత్తితే ఎలుకల్లో కంగారు పెరుగుతుందని, దోసిలిలో ఎత్తితే తగ్గుతుందని రాస్తుంటే చదివాను. చదివినప్పుడల్లా నాకు తలుపు దగ్గర దగ్గు వినబడేది.

మరునాడు మరాఠీలో కాగితం తయారైంది. నిష్కాళజీపణా, అంటే నిర్లక్ష్యం, అని నేరం రాశారు. ఎలుకల గది నుంచి తీసేసి సైకిల్ స్టాండుకు పంపారు. సాక్షి సంతకం నాది. హెడ్ సారు కలం మూత తీసి ఇచ్చాడు. నా పట్టా ఆయన చేతిలో ఉంది. నా నుదుటి వెనక నుంచి ఏ కబురూ రాలేదు, గంట మాత్రం మోగుతూనే ఉంది. సంతకం పెట్టాను.

ఆ ప్రయోగం మళ్లీ చేశాను. ఈసారి అన్ని ఎలుకల్నీ ఒక్క తీరుగా గుడ్డ సంచిలో ఎత్తాను. ఆ సంచి అక్క ఒడి లాంటిదే. ఫలితం సరిగ్గా వచ్చింది, పట్టా వచ్చింది. నా పుస్తకంలో "ఎలుకలను గుడ్డ సంచిలో ఎత్తడమైనది" అని ఉంటుంది. ఎవరు నేర్పారో ఉండదు.

అక్క నాతో మాట్లాడటం మానలేదు. సైకిల్ స్టాండులో నా స్కూటర్ను నీడకు జరిపి పెట్టేది. అడిగింది ఒక్కటే. "నేను నిర్లక్ష్యం చెయ్యలేదని ఒక్క కాగితం రాయి సారూ. నాకేం వద్దు. గా మాట తీసెయ్యాలె, గంతే." హెడ్ సారు రిటైర్ కానీ అక్కా అన్నాను. ఆయన అయ్యాడు. నేనూ రిటైర్ అయ్యాక రాస్తానన్నాను. నేనూ అయ్యాను. తర్వాత ఆమె అడగడం మానేసింది. అడగనప్పుడు రాయడం ఎందుకని నేనూ ఊరుకున్నాను.

అక్క పోయిన మూడో రోజు వాళ్ల ఇంటికి వెళ్లాను. మనవరాలు రేకు డబ్బా తెరిచి ప్లాస్టిక్ కవర్లో మడిచిన ఆ కాగితం చూపించింది. "తాతా, దీంట్ల కింద సంతకం నీదేనా?"

"నాదే బిడ్డా."

"అవ్వకు తెల్సా?"

"అవ్వ ముందటనే పెట్టిన."

ఆ పిల్ల కాగితం మడిచి డబ్బాలో పెట్టింది. చాయ్ తెచ్చింది. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను గాని తాగబుద్ధి కాలేదు.

సోమవారం కాలేజీ ఆఫీసుకు వెళ్లాను. ఆ నేరం తప్పని, ఎలుకలు బెదిరింది నా చేతులవల్లనని, సాక్షి సంతకం భయపడి పెట్టానని మరాఠీలో రాసి తీసుకెళ్లాను. కుర్ర క్లర్కు చదివి నవ్వాడు. "కాకా, త్యా బాయి ఆతా నాహీత్ నా?" ఆవిడ ఇప్పుడు లేదు కదా అని. బాయి లేదు, ఆ మాట ఉంది అన్నాను. పాత ఫైలు దొరకదన్నాడు. కొత్తది తెరువు అన్నాను. రేపు రండి అన్నాడు. నా వయసులో రేపటి మీద నమ్మకం లేదని, ముద్ర వేసేదాకా ఈ బెంచీ మీదే ఉంటానని చెప్పి కూర్చున్నాను. భోజనాల వేళ దాటాక వేశాడు. రెండు కాపీలు వేయించాను. ఒకటి ఆ పిల్ల రేకు డబ్బాలో, పాత కాగితం మీద పెట్టి వచ్చాను. ఇంకోటి పుణెకు రిజిస్టర్ పోస్టులో వెళ్లింది. హెడ్ సారు తప్పక చదవాలి. సైన్సు తెలిసిన మనిషి కదా.

అక్కకు చదువు రాదు. చదివి వినిపిస్తే అర్థమయ్యేది తెలుగే. అందుకే దాన్ని ఇక్కడ మళ్లీ తెలుగులో రాస్తున్నాను: అక్క నిర్లక్ష్యం చెయ్యలేదు. నేను చేశాను.

ఆ పరీక్ష రోజు అరుపులకు ముందు ఒక క్షణం ఉంది. ఆమె ఎలుక బట్టబయలు చెక్క చివరికి నడిచి, అంచు మీద ముందుకాళ్లు పెట్టి కిందికి వంగింది. పడుతుందని నేను చెయ్యి చాచబోయాను. "ఉండు సారూ" అని అక్క ఒక్క అడుగు ముందుకు వేసి, ఒడి కట్టిన కొంగును రెండు చేతులతో చాపి దాని కింద పట్టింది. ఎలుక ఆ కొంగును వాసన చూసింది. దూకలేదు, వెనక్కి పోలేదు. అంత ఎత్తున, ఏ గోడా లేని చోట, మీసాలు దువ్వుకుంటూ కూర్చుంది.